మడమ నొప్పి, పైన ఎండలు: నడక ఆపాలా వద్దా? (హన్మకొండ)

వడ్డేపల్లి_కట్ట
ఎనిమిది నెలల నుంచి రోజూ పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తున్నాను. వయసు 46, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఆగస్టులో 91 కిలోలు ఉండేవాణ్ణి, ఇప్పుడు 82. షుగర్ బార్డర్‌లో ఉందని భయపెట్టారు, అదీ దిగింది. జనవరిలో హుషారొచ్చి నడక మధ్యలో కొంచెం కొంచెం పరుగు కలిపాను. మార్చికల్లా రోజుకు 6 కిలోమీటర్లు, అందులో సగం పరుగే.

ఇప్పుడు ఎడమ మడమ పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా పోతాను. పది పదిహేను అడుగులకు సర్దుకుంటుంది. ఆఫీసులో గంట కూర్చుని లేస్తే మళ్ళీ మొదలు. ఎక్స్‌రే తీయిస్తే మడమ ఎముక కొంచెం ముందుకు పెరిగిందన్నారు. రెండు నెలలు నడక బంద్ పెట్టమని నొప్పి మాత్రలు రాశారు.

ఇంట్లో వాళ్ళు "ఎండలు కూడా ముదిరినయి, జూన్ దాకా ఇంట్లనే ఉండు" అంటున్నారు. నా భయం వేరు. 2019లో మెడ నొప్పని ఇట్లాగే రెండు నెలలు ఆపాను. ఆ రెండు నెలలు మూడేళ్లయ్యాయి. ఈసారి ఆపితే మళ్ళీ ఆ కట్ట ఎక్కుతానో లేదో అని నిజంగా టెన్షన్‌గా ఉంది. ఈ నొప్పితో ఎండాకాలం ఎట్లా నెట్టుకొచ్చారో తెలిసినవాళ్ళు చెప్పండి.

కాజీపేట_డీజిల్‌కాలనీ
నాకూ అచ్చం ఇదే వచ్చింది. ఆరు నెలలు పట్టింది కానీ పోయింది, భయపడకు అన్నా. ముందు ఇంట్లో గచ్చు మీద వట్టి కాళ్ళతో తిరగడం మానెయ్. మెత్తటి చెప్పులు ఇంట్లోకి ఒక జత, బయటికి ఒక జత.

మంచిర్యాల_మామ
డాక్టర్ ఆపమంటే ఆపాలి. నొప్పి మీద నడిచి పెద్దది చేసుకున్నవాళ్ళను చూశాను. మా తమ్ముడు పిక్క లాగుతోందని చెప్తూనే పరుగెత్తాడు. చివరికి మడమ వెనక నరం తెగింది, కట్టుతో మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. బరువు మళ్ళీ తగ్గించుకోవచ్చు, కాలు పోతే ఏం చేస్తావు?

వడ్డేపల్లి_కట్ట
మామా, మీ మాట కాదనను. కానీ బరువు మళ్ళీ తగ్గించుకోవడం అంత తేలిక కాదు. ఈ 9 కిలోలకు 8 నెలలు పట్టింది.

ఫిజియో_సుబేదారి
చూడకుండా ఇది ఫలానా అని చెప్పలేను. కానీ పొద్దున మొదటి అడుగు నొప్పి, నడుస్తుంటే తగ్గడం, కూర్చుని లేస్తే మళ్ళీ రావడం, ఈ మూడూ కలిస్తే ఎక్కువగా ప్లాంటర్ ఫేషియైటిస్ అవుతుంది. మడమ ఎముక నుంచి కాలివేళ్ళ దాకా అరికాలి కింద గట్టి పట్టీ లాంటిది ఉంటుంది. రాత్రంతా పాదం వాలి ఉంటే ఆ పట్టీ ముడుచుకుంటుంది, పొద్దున ఒక్కసారి ఒంటి బరువంతా పడితే సాగుతుంది. ఆ మేకు దిగినట్టుండేది అదే. ఎముక పెరిగిందన్నదాని గురించి ఎక్కువ ఆలోచించకండి. ఏ నొప్పీ లేని చాలామందికి ఎక్స్‌రే తీసినా అది కనపడుతుంది.

అసలు కారణం మీ పోస్టులోనే ఉంది. జనవరిలో సున్నా పరుగు, మార్చిలో రోజుకు 3 కిలోమీటర్లు, అదీ వారంలో ఒక్క రోజూ విడవకుండా. గుండె, ఊపిరి రెండు నెలల్లో అలవాటు పడతాయి. కండను ఎముకకు కట్టే టెండన్లు, పట్టీలు అంత తొందరగా గట్టిపడవు.

కాబట్టి పరుగు పూర్తిగా ఆపండి. నడక సగానికి తగ్గించండి. ఆ పాదానికి పని మాత్రం ఆపొద్దు. మెట్టు అంచున నిలబడి, వేళ్ళ కింద చుట్టిన టవల్ పెట్టి, మడమ పైకి లేపండి. లేపడానికి మూడు లెక్కలు, పైన రెండు లెక్కలు ఆగి, దించడానికి మూడు లెక్కలు. ఒంటికాలి మీద 12 సార్లు, అట్లా మూడు విడతలు, రోజు విడిచి రోజు. ఒంటికాలి మీద కుదరకపోతే రెండు కాళ్ళతో మొదలుపెట్టండి. తేలికైనకొద్దీ వీపుకు బ్యాగు వేసుకుని బరువు పెంచాలి. 2014లో డెన్మార్క్‌లో 48 మందితో దీన్ని పరీక్షించారు. అరికాలు సాగదీయడం ఒక్కటే చేసినవాళ్ళ కంటే ఇది చేసినవాళ్ళకు మూడు నెలలకు నొప్పి బాగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ సమానమే, అంటే ఎట్లాగూ తగ్గేదాన్ని ఇది తొందరగా తగ్గిస్తుంది.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే పర్వాలేదు, పదికి మూడు నాలుగు. మర్నాడు పొద్దున మొదటి అడుగు ముందు రోజు కంటే ఎక్కువ నొప్పిస్తే తగ్గించండి. మీకు కొలబద్ద ఆ మొదటి అడుగే.

మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో గట్టిగా ఒత్తితే ప్రాణం పోయినట్టున్నా, రాత్రి పడుకున్నప్పుడూ నొప్పున్నా, తిమ్మిరి ఉన్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఎముకలో సన్నటి పగులు గానీ ఇంకేదైనా గానీ ఉండొచ్చు. మళ్ళీ చూపించుకోండి.

వడ్డేపల్లి_కట్ట
ఇప్పుడే ఒత్తి చూశాను. పక్కల నుంచి ఏం లేదు, కింద ఒక్క చోటే. రాత్రి నొప్పి లేదు. బ్యాగులో ఏం వేయాలి?

ఫిజియో_సుబేదారి
బియ్యం. కిలోతో మొదలుపెట్టి పెంచుకోండి, తూకం చూసుకోవడం తేలిక. ఈ వ్యాయామాల సంగతి మీ డాక్టర్‌కూ ఒకసారి చెప్పండి.

మంచిర్యాల_మామ
ఫిజియో గారూ, అంటే ఆ డాక్టర్ చెప్పింది తప్పా?

ఫిజియో_సుబేదారి
తప్పని కాదు. పరుగుకు విరామం కావాలన్నది నిజమే. కానీ రెండు నెలలు ఏమీ చేయకపోతే నొప్పి తగ్గినట్టే ఉంటుంది. జూన్‌లో మళ్ళీ 6 కిలోమీటర్లకు పోతే ఆ కాలు అప్పటికి ఇంకా బలహీనంగా ఉంటుంది, అదే నొప్పి తిరిగొస్తుంది. మీ తమ్ముడి సంగతి వేరు, ఆయన పరుగు తగ్గించలేదు.

పరకాల_పత్తి
మా ఊళ్ళో ఒకాయన నూనెతో తిక్కి నరం సరిచేస్తాడు. నాకు చీలమండ మడతపడితే పసరు కట్టు కట్టాడు, పదిహేను రోజుల్లో నడిచాను.

గోదావరిఖని_కబడ్డీ
అన్నా, నీకు మంచే జరిగింది. నా కథ విను. 2016లో కబడ్డీలో మోకాలు తిరిగి టప్‌మని చప్పుడైంది. రెండు గంటల్లో మోకాలు కొబ్బరిబోండం అంత వాచింది. నేనూ కట్టు కట్టించుకున్నా. వాపు దిగింది, నడిచాను, మూడు నెలలకు మళ్ళీ కోర్టులో దిగాను. పక్కకు తిరగగానే మోకాలు జారిపోయింది. అట్లా నాలుగు సార్లు. చివరికి ఎంఆర్‌ఐ తీస్తే లోపలి లిగమెంట్ ముందే తెగిపోయింది, ఆ తర్వాత ఆడిన ప్రతిసారీ పక్కన ఉన్న మెత్తటి గద్దె కూడా చిరుగుతూ వచ్చింది. ఆపరేషన్ అయింది. మళ్ళీ ఆట జోలికి పోవడానికి ఏడాది పట్టింది.

చప్పుడు వినపడటం, గంటల్లో వాపు రావడం, మోకాలు జారడం, ఇవి ఉంటే తిక్కుడు వద్దు, కట్టు వద్దు. సీదా ఎముకల డాక్టర్ దగ్గరికి పోండి. నాకు అప్పుడు ఎవరైనా ఇట్లా గట్టిగా చెప్పి ఉంటే ఇంకో ఐదేళ్లు ఆడేవాణ్ణి.

ఫిజియో_సుబేదారి
కబడ్డీ తమ్మీ, ఇంత బాగా నేను కూడా చెప్పలేను. చీలమండకు కూడా ఒక గుర్తు ఉంది. దెబ్బ తగలగానే గానీ తర్వాత గానీ నాలుగు అడుగులు వేయలేకపోయినా, బుడిపె ఎముక వెనక అంచు మీద ఒత్తితే నొప్పున్నా ఎక్స్‌రే తీయించాలి. లేకపోతే చాలావరకు బెణుకే.

కాజీపేట_డీజిల్‌కాలనీ
మరి మంచు పెట్టాలా, కాపడం పెట్టాలా? ఇంట్లో అమ్మ ఉప్పు మూట, నేను ఐసు. రోజూ గొడవ.

ఫిజియో_సుబేదారి
మొదటి రోజు రెండు రోజులు నొప్పి ఓర్చుకోలేకపోతే ఐసు, పది పదిహేను నిమిషాలు, గుడ్డ చుట్టి. అది నొప్పికే గానీ మానడానికి కాదు. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అని 1978లో ఆ సూత్రం రాసిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కినే తర్వాతి కాలంలో ఐసు మానడాన్ని ఆలస్యం చేయొచ్చని మాట మార్చుకున్నాడు. పాత నొప్పికి, పట్టేసిన కండకు అమ్మ ఉప్పు మూట చక్కగా పనిచేస్తుంది.

కాజీపేట_డీజిల్‌కాలనీ
అమ్మకు చదివి వినిపించాను. ఇక నా మాట ఇంట్లో చెల్లదు.

హంటర్‌రోడ్_అక్క
అందరూ "పొద్దున నాలుగున్నరకు పోండి, చల్లగా ఉంటుంది" అంటారు. ఆడవాళ్ళకు ఆ చీకట్లో ఎంత కష్టమో ఎవరూ రాయరు. మా వీధి చివర ఆరు కుక్కలు. పోయిన ఏప్రిల్‌లో ఒకటి వెంటపడితే పరుగెత్తి కింద పడ్డాను, మోచెయ్యి కొట్టుకుపోయింది. వెలుగొచ్చాక బయల్దేరితే తిరిగొచ్చేసరికి తల మీద ఎండ. నాకు 52, మోకాళ్ళు అరిగాయన్నారు. ఇప్పుడు మేం నలుగురం ఆడవాళ్ళం కలిసి పోతున్నాం. ఒకరి చేతిలో కర్ర, ఇంకొకరి చేతిలో టార్చి. కలిసి పోతుంటే ఎవరూ మానడం లేదు, ఒకరు రాకపోతే ముగ్గురం వాళ్ళ గేటు ముందు నిలబడతాం.

వడ్డేపల్లి_కట్ట
అక్కా, ఆ గేటు ముందు నిలబడే మనిషి 2019లో నాకు ఉండాల్సింది.

పరకాల_పత్తి
అరిగిన మోకాళ్ళతో నడవొచ్చా అక్కా? మా అమ్మ నడిస్తే ఇంకా అరుగుతాయని లేవడం కూడా మానేసింది.

హంటర్‌రోడ్_అక్క
నేనూ అట్లాగే అనుకుని ఒక ఏడాది కూర్చున్నాను. తొడలు సన్నబడ్డాయి, మోకాళ్ళ మీద భారం పెరిగింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టి దించడం, కుర్చీ నుంచి చేతులు పెట్టకుండా లేవడం, ఇవి రోజూ. మొదట్లో మూడుసార్లు లేచేసరికి చెమట పట్టేది. దసరాకు బతుకమ్మ ఆడాను, తొమ్మిది రోజులూ. వంగి చప్పట్లు కొట్టి లేవడమే కదా, మా డాక్టర్ చెప్పిన వ్యాయామం కూడా అదే.

ఎన్టీపీసీ_నైట్‌షిఫ్ట్
ఎండ సంగతికి వస్తాను. మాది రామగుండం. ఇక్కడ మే నెల ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి చల్లబడుతుందనుకుని పోతే రోడ్డు, గోడలు పగలంతా తాగిన వేడిని కక్కుతుంటాయి. రోజులో తక్కువ వేడి ఉండేది సూర్యోదయానికి కొంచెం ముందు. మేలో మనకు 5:40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, అప్పటికి సగం నడక అయిపోవాలి. నైట్ డ్యూటీ ఉన్న వారం మాత్రం నేను నడవను. నిద్ర లేని ఒంటితో ఎండలోకి పోయి ఒకసారి కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఆ వారం ఇంట్లో ఫ్యాన్ కింద గుంజీలు, గోడకు ఆనించి దండీలు, అంతే.

ఓరుగల్లు_ఈవెంట్స్
నేను కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తున్నాను. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి, నాది ఇంకా 7:40. మా సీనియర్లు సాయంత్రం నాలుగింటికి ఎండలోనే పరుగెత్తమంటున్నారు. ఈవెంట్ పగటిపూట పెడితే ఇబ్బంది ఉండదని. కొందరు రెయిన్ కోటు వేసుకుని కూడా పరుగెత్తుతున్నారు, కొవ్వు కరుగుతుందని. ఎంతవరకు నిజం?

హసన్‌పర్తి_నర్సు
తమ్మీ, ఆ రెయిన్ కోటు మాట వినగానే చేతులు ఆడలేదు. మా అక్క కొడుకు రెండేళ్ల కింద సరిగ్గా ఇదే చేశాడు. మే నెల, సాయంత్రం నాలుగు, ఒంటికి ప్లాస్టిక్ జాకెట్. ఐదో రౌండులో అడ్డదిడ్డంగా అడుగులు వేశాడట. తోటి పిల్లలు అలసిపోయాడనుకున్నారు. పేరు అడిగితే వేరే ఏదో చెప్పాడు, తర్వాత పడిపోయాడు. నా అదృష్టం, ఒక పిల్లవాడు నాకు ఫోన్ చేశాడు. జాకెట్ చింపేయమన్నాను, నీడలోకి లాగి గ్రౌండు ట్యాంకు నీళ్ళు బకెట్లతో ఒంటి నిండా పోస్తూనే ఉండమన్నాను, ఇంకొకడిని అట్టతో విసరమన్నాను, మూడోవాడిని 108కి ఫోన్ చేయమన్నాను. నేను పోయేసరికి వాడి బనీను నుంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు బిగబట్టి ఉన్నాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు, కిడ్నీలు కోలుకోవడానికి నెల పట్టింది. బతికాడు.

చెమటతో పోయేది నీళ్ళు, కొవ్వు కాదు. రెండు గ్లాసులు తాగితే ఆ బరువు తిరిగొస్తుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, ఆ కోటు దాన్ని ఆరనివ్వదు. ఎండలో పరుగెత్తేవాడు తికమకగా మాట్లాడినా, తూలినా అది అలసట కాదు, వడదెబ్బ అనుకోండి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిందంటే ప్రతి నిమిషం విలువైనదే. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు, నీళ్ళు పోస్తూనే ఉండాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో మాత్రం చుక్క కూడా పోయవద్దు.

ఓరుగల్లు_ఈవెంట్స్
అక్కా, చదువుతుంటే భయమేసింది. ఇది మా గ్రూపులో పెడుతున్నాను. జాకెట్ వేసుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను, ఈ రోజుతో అయిపోయింది.

కాజీపేట_డీజిల్‌కాలనీ
తమ్మీ, పర్వతగిరి దగ్గర కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవన్‌జీ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ మన హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్) సింథటిక్ ట్రాక్ మీదే జరిగింది. మంచి ట్రాక్ ఊళ్ళోనే ఉంది. పొద్దున పో.

ఫిజియో_సుబేదారి
ఎండకు అలవాటు పడటం అనేది మాత్రం ఉంది, సీనియర్ల మాటలో అంతవరకు నిజం. 10 నుంచి 14 రోజులు కొంచెం కొంచెంగా వేడిలో పని చేస్తే చెమట ముందుగా పడుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది. అది పొద్దున ఏడున్నర ఎండలో నెమ్మదిగా 20 నిమిషాలతో మొదలవ్వాలి. నాలుగింటి ఎండలో ఫుల్ స్పీడు కాదు. 7:40 నుంచి 7:15కు రావాలంటే చల్లటి పూట 400 మీటర్ల ముక్కలు కొట్టాలి, వారానికి రెండుసార్లు. వేడిలో ఎవరి టైమూ మెరుగవదు.

పరకాల_పత్తి
నీళ్ళ సంగతి ఎవరైనా చెప్పండి. నేను పొలంలో పోతూ పోతూ రెండు లీటర్లు ఒకేసారి తాగుతాను, అయినా పిక్కలు పట్టేస్తాయి.

హసన్‌పర్తి_నర్సు
ఒకేసారి కడుపు నిండా వద్దు అన్నా, కొంచెం కొంచెం తాగాలి. గంటల తరబడి చెమట పట్టి వట్టి నీళ్ళే తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అదీ ప్రమాదమే. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, అంబలి మన పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, సగం గ్లాసులో సగం ప్యాకెట్ కాదు. షాపులో కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. ఓఆర్ఎస్ పేరుతో చక్కెర నీళ్ళు అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో తిండి నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశమిచ్చింది. బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వేసుకునేవాళ్ళు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఎంత తాగాలో, ఎంత ఉప్పో డాక్టర్‌ను అడగాలి.

వడ్డేపల్లి గారూ, మీకో మాట. చెమట బాగా పట్టి నీళ్ళు తగ్గినప్పుడు ఆ నొప్పి మాత్రలు కిడ్నీల మీద పడతాయి. మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా నడవడం అసలే వద్దు.

వడ్డేపల్లి_కట్ట
నిన్నటిదాకా అదే చేశాను. ఆపేశాను.

మంచిర్యాల_మామ
నేను ఒక ఉపాయం చెప్తా, దీనికి ఎవరూ అడ్డు చెప్పరు. మా ఊళ్ళో ఎండాకాలం వ్యవసాయ బావిలో ఈత. కాలు నేలకు తగలదు, ఎండ తగలదు. ఈత వచ్చినవాళ్ళు మాత్రమే, ఒంటరిగా కాదు. క్వారీ గుంతల్లో అసలే దిగొద్దు, లోతు తెలియదు.

ఫిజియో_సుబేదారి
ఇది మాత్రం మామకే మార్కులు. ఈత గానీ, సైకిల్ గానీ. మడమ కోలుకునేదాకా దమ్ము తగ్గకుండా కాపాడుతాయి.

వడ్డేపల్లి_కట్ట
ఈత రాదు. పక్కింటి అబ్బాయి పాత సైకిల్ ఉంది, అడుగుతాను.

(ఐదు వారాల తర్వాత)

వడ్డేపల్లి_కట్ట
అడగకపోయినా రాస్తున్నాను. రోహిణి కార్తె నడుస్తోంది, రోళ్ళు పగులుతాయంటారు, ఈసారి నిజంగానే పగిలేట్టున్నాయి. పొద్దున 5 గంటలకు సైకిల్ మీద భద్రకాళి గుడి దాకా పోయి వస్తున్నాను, 40 నిమిషాలు. కట్ట మీద నడక 2 కిలోమీటర్లు, వారానికి నాలుగు రోజులు. మడమ వ్యాయామం రోజు విడిచి రోజు. మొదటి వారం ఒంటికాలి మీద 7 కంటే లేవలేదు. ఇప్పుడు 4 కిలోల బియ్యంతో 12.

మొదటి అడుగు నొప్పిని క్యాలెండర్ మీద రాస్తున్నాను. మొదటి రోజు 7. మధ్యలో ఒక పెళ్ళిలో నాలుగు గంటలు వట్టి కాళ్ళతో నిలబడితే మర్నాడు 8, ఆ రోజు చాలా దిగులేసింది. ఈ వారం 3, 3, 4, 2. బరువు 82.5.

కాజీపేట_డీజిల్‌కాలనీ
అర కిలో పెళ్ళి భోజనానిది అన్నా, లెక్కలోకి రాదు.

హంటర్‌రోడ్_అక్క
క్యాలెండర్ మీద రాయడం బాగుంది. నేనూ మోకాళ్ళకు మొదలుపెడతాను.

పరకాల_పత్తి
మా అమ్మ కుర్చీలోంచి ఐదుసార్లు లేచింది. హంటర్‌రోడ్ అక్క పేరు చెప్పి లేపాను.

హంటర్‌రోడ్_అక్క
అమ్మకు నమస్తే చెప్పు. వచ్చే వారం ఆరు.

వడ్డేపల్లి_కట్ట
వానలు పడ్డాక చల్లబడుతుంది కదా, అప్పుడు పరుగు మొదలుపెట్టొచ్చా?

ఫిజియో_సుబేదారి
మొదటి అడుగు నొప్పి వరుసగా రెండు వారాలు 1 లోపు ఉండాలి, ఒంటికాలి మీద నొప్పి లేకుండా 20 సార్లు లేవాలి. అప్పుడు కూడా ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, రోజు విడిచి రోజు.

ఇంకో మాట. మృగశిర కార్తెలో చల్లబడిందని అందరూ ఒక్కసారి పరుగు పెంచుతారు. తొలకరి తర్వాత ఉక్కపోత రోజులు ఉంటాయి చూడండి, 31 డిగ్రీలే ఉంటుంది కానీ గాలిలో తేమకు చెమట ఆరదు, ఒంటి మీదే కారుతుంది. పొడి ఎండలో కంటే ఆ రోజుల్లో తొందరగా దమ్ము పోతుంది. వేగం చూడొద్దు, పక్కన మనిషి ఉంటే మాట్లాడుతూ పోగలుగుతున్నారా అని చూసుకోండి.

మంచిర్యాల_మామ
మృగశిర రోజు చేపలు తిని మర్నాడు నుంచి మొదలుపెట్టు.

ఎన్టీపీసీ_నైట్‌షిఫ్ట్
తొలకరిలో పిడుగులు కూడా. చెరువు కట్ట అంటే చుట్టూ ఖాళీ, నువ్వే ఎత్తు. మెరుపు చూశాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినపడితే వెంటనే బిల్డింగులోకో, కారులోకో పోవాలి. చెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. మాకు పనిలో ఇదే నేర్పారు.

(ఆగస్టు)

వడ్డేపల్లి_కట్ట
నిన్న మూడో వారం పూర్తయింది. నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిది సార్లు. మొదటి అడుగు నొప్పి 0, అప్పుడప్పుడు 1. రాత్రి వాన పడి కట్ట మీద పాచి జారుతోంది, అందుకే గ్రౌండు మట్టి మీద చేశాను. బూట్లు తడిసి ముద్దయ్యాయి, పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టాను. బరువు 80.4. మామా, ఆపమన్నావు కానీ నీ తమ్ముడి కథ వల్లే పరుగు నిజంగా ఆపాను. లేకపోతే మాత్ర వేసుకుని పరుగెత్తేవాణ్ణే.

మంచిర్యాల_మామ
మా వాడికి చెప్పాను. వాడు కూడా మెట్టు మీద మడమలు లేపడం మొదలుపెట్టాడు.

ఓరుగల్లు_ఈవెంట్స్
నాది 7:19. ఇంకా 4 సెకన్లు.

ఫిజియో_సుబేదారి
తమ్మీ, చివరి 200 ఎంతలో వస్తోంది?

ఓరుగల్లు_ఈవెంట్స్
రేపు ఎవరితోనైనా చూపించుకుని రాస్తా సార్. ఒక్కణ్ణే ఉంటే వాచీ చూడలేకపోతున్నాను.

వడ్డేపల్లి_కట్ట
ఎక్కడ, జేఎన్ఎస్‌లోనా? ఐదున్నరకు వస్తాను. నాకు రేపు పరుగు లేని రోజు, గేటు దగ్గర ఉంటాను.